ఏడో నంబరు ద్రవం

మా చెల్లెలు వకుళకు చెమట పట్టదు. పుట్టుకతోనే ఆమె ఒంట్లో చెమట గ్రంథులు లేవు. పల్నాడులో, అందులోనూ రెంటచింతల పక్క ఊళ్లో పుట్టే మనిషికి దేవుడు చేయగలిగిన ఎగతాళి ఇంతకంటే ఇంకొకటి ఉండదు. ఎండలు ముదిరాయంటే పొద్దున్నే మా ఇంటి వెనక నాపరాళ్ల తొట్టిలో దిగుతుంది, పొద్దు వాలాక లేస్తుంది. తొట్టికి అడ్డంగా ఒక బల్ల, బల్ల మీద ట్యాబు. అందులో కూర్చునే ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కలు చెబుతుంది. టీచరు భుజాల దాకా నీళ్లలో ఉందని పిల్లలకు చాలాకాలం తెలియదు. ఒకరోజు భిన్నాల పాఠం మధ్యలో కప్ప దూకి ఆ గుట్టు కాస్తా బయటపెట్టింది.

వకుళకు ఒకటే కోరిక. మా మిరప కల్లాన్ని పట్టపగలు చూడాలి. కల్లం మా పెరటి వెనక చేను గట్టు దాటితే వస్తుంది. ఇరవయ్యారేళ్లు వచ్చినా ఆమె దాన్ని టార్చిలైటు వెలుగులోనే చూసింది. ఆ వెలుగులో ఎర్రటి మిరపకాయలు నల్లగా కనిపిస్తాయి.

"ఫోటోలు తీసి పంపానుగా" అన్నాను ఒకసారి.

"నీ ఫోటోకి ఘాటు లేదక్కా. తుమ్మొస్తేనే అది కల్లం" అంది.

నా ఉద్యోగం కూడా చల్లదనం చుట్టూనే తిరుగుతుంది. నరసరావుపేటలో ఒక పాత పత్తి గోదాములో నడిచే చిన్న ప్రయోగశాలలో ఇంజనీరును. మా వైకుంఠరావు సారుకు ఎండలో పనిచేసేవాళ్ల కోసం చలువ చొక్కా చేయాలని పట్టుదల. చొక్కా నిండా సన్నటి గొట్టాలు, వాటిలో తిరిగే ద్రవం, నడుముకు పంపు, వీపు మీద వేడిని బయటికి వదిలే డబ్బా. ద్రవం ఒంటి వేడిని ఎత్తుకుని డబ్బాలో దించి, మళ్లీ ఒంటి దగ్గరకు రావాలి. ఒక్క చుక్క బయటికి పోకూడదు, గాలి లోపలికి రాకూడదు. చొక్కా కుట్టడం దర్జీ చూసుకుంటాడు. ఏ ద్రవం పోయాలో తేల్చడం మా పని. అదే ఏళ్ల తరబడి తెమలలేదు.

మొదట నీళ్లు పోశాం. వేడిని మోయడంలో నీళ్లకు సాటి లేదు గానీ, గొట్టాల్లో నాచు పట్టింది, రాగి బిరడాల దగ్గర చిలుము కట్టింది. గ్లైకాల్ కలిపితే చిలుము ఆగింది. కానీ అది తియ్యటి విషం. కారిన చోట గోదాము పిల్లి మూతి పెట్టబోతే అందరం చీపుళ్లతో వెంటపడి దాన్ని కాపాడాం, గ్లైకాల్‌కు అదే ఆఖరి రోజు. తర్వాత సిలికాన్ నూనె. విషం కాదు, చిలుము పట్టదు, కానీ చిక్కన. దాన్ని తోయలేక పంపు మూలిగేది, మధ్యాహ్నం కాకుండానే బ్యాటరీ చచ్చేది. ఈ చొక్కాలన్నీ ముందుగా తొడుక్కుని చూసింది వకుళే. నూనె చొక్కా వేసుకుని వాకిట్లోకి నాలుగడుగులు వేసి నిలబడిపోయింది.

"అక్కా, ఇది నన్ను చల్లబరచడానికా, గాడిదను చేయడానికా? దీన్ని మోసేసరికి ఎవరికైనా చెమటలు పడతాయి. నాకు ఆ భాగ్యం కూడా లేదు" అంది.

ఆ తర్వాత వచ్చింది జంట ద్రవం. ఒకే పాత్రలో కాచిన ద్రవాన్ని రెండు సీసాల్లో పోస్తే, ఒక సీసాకు తగిలిన వేడి రెండో సీసాలో తేలాలి. మధ్యలో గొట్టం అక్కర్లేదు, ఎంత దూరమైనా ఫర్వాలేదు. ఇదంతా సారు కాగితం మీద ఎప్పుడో రుజువు చేశారు. సీసాలు మాత్రం ఆ కాగితం చదవలేదు. ఒకదాన్ని స్టవ్వు మీద కుతకుతా ఉడికించినా రెండోది బకెట్లో చల్లగా కూర్చునేది. చివరికి ఇద్దరం విసిగిపోయి, చెరో సీసా పట్టుకుని పారబోయడానికి పెరట్లోకి బయల్దేరాం. గడప దాటేలోపే నా అరచెయ్యి కాలింది.

"సారూ, మీకు జ్వరంగా ఉందా?"

"పొద్దుటి నుంచి. నీకెవరు చెప్పారు?"

"నా చెయ్యి చెప్పింది."

సారు తన నుదురు తడిమి చూసుకున్నారు. జ్వరం దిగుతోంది. ఇద్దరం పెరట్లో నిలబడి చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం. ఆ ద్రవానికి కావలసింది స్టవ్వూ కాదు, బకెట్టూ కాదు. నాడి. రెండు భాగాలూ బతికున్న మనుషుల ఒంటిని తాకితేనే అది మేలుకుంటుంది, మణికట్టు మీద నాడి కొట్టుకునే చోటైతే ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. పంపు పోయింది, బ్యాటరీ పోయింది, వీపు మీద డబ్బా పోయింది. చిటికెన వేలంత లావు మెత్తటి గొట్టంలో ద్రవం నింపి, చివరలు మూసి, మణికట్టుకు చుట్లు చుట్లుగా కట్టాం. దానికి కంకణం అని పేరు పెట్టింది వకుళ.

ఒక కంకణం వకుళ చేతికి, దాని జంట నా చేతికి. ఆమె ఊళ్లో, నేను నరసరావుపేటలో ఏసీ గదిలో. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అక్కా, వాకిట్లోకి వచ్చా. ఎండ మొహం మీద పడుతోంది. ఏం కావట్లేదు! అక్కా, తారు రోడ్డు మెత్తగా ఉందే! చెప్పు అంటుకుంటోంది! ఎండలో కాకులు నోరు తెరుచుకు కూర్చుంటాయని నాకెందుకు చెప్పలేదు?"

ఆమె గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, కానీ ఆ తడిలో అవి కనిపించలేదు. నుదురు, మెడ, వీపు అంతటా చెమట ధార కట్టింది. ఏసీ గదిలో కూర్చుని కొంగు పిండుకున్నాను. చెంబు తర్వాత చెంబు మజ్జిగ తాగాను. నా చెమట నాకు చాలదన్నట్టు ఆమె చెమట కూడా నేనే కార్చాలి. ఆమె రచ్చబండ దాకా వెళ్లి సోడా అడిగేసరికి నేను కుర్చీలోంచి జారిపోయాను. కళ్లు తెరిచేటప్పటికి సారు అట్టముక్కతో విసురుతున్నారు, విసురుతూనే నవ్వుతున్నారు.

"బ్రహ్మాండం! మనకు కావలసిందల్లా బాగా చెమట పట్టే మనిషి. ఒకరు కంకణం కొనుక్కుంటారు, ఇంకొకరు కూలికి కట్టుకుంటారు."

"అంటే కలిగినవాళ్ల చెమట లేనివాళ్లు కార్చాలా సారూ?"

"ఇప్పుడు జరుగుతున్నది మాత్రం ఏమిటమ్మా?" అన్నారాయన. వెటకారంగా అనలేదు.

అప్పటికి మా దగ్గర జంట ద్రవంలో రెండు రకాలు మిగిలాయి. మూడో నంబరులో వేడి ఒకవైపే నడుస్తుంది. మొదటి కంకణం కట్టుకున్నవాళ్లు ఇస్తారు, రెండోది కట్టుకున్నవాళ్లు పుచ్చుకుంటారు, అంతే. ఏడో నంబరులో అలాంటి కట్టుబాటు లేదు. ఏ ఒంట్లో వేడి ఎక్కువుంటే అందులోంచి తక్కువున్న ఒంట్లోకి పోతుంది. ఇంకో మనిషి ఎండలో మాడుతుంటే ఆ వేడి వచ్చి వకుళ మీద పడొచ్చు. చెమట పట్టని మనిషికి అంతే చాలు, ప్రాణం పోతుంది. ఏ ద్రవం ఎంచుకోవాలో ఆలోచించడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. కల్లంలో చేయబోయే పరీక్షకు మూడో నంబరు నింపాను. ఏడో నంబరు జతను ఎందుకైనా మంచిదని పెట్టెలో అడుగున వేసుకున్నాను.

ఈసారి నేను కట్టుకోవడానికి సారు ఒప్పుకోలేదు. మా కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలీల ముఠాకు పెద్ద సువార్తమ్మ. ఆమెతో సారే మాట్లాడి ఒప్పించారు. వకుళకు మాత్రం కట్టుకునేది నేనేనని చెప్పాను. నిజం చెబితే ఆమె గడప దాటదు. నా చెల్లెలు కల్లం చూడాలి. ఆ పూటకు నాకు అంతకు మించి ఇంకేమీ పట్టలేదు.

సువార్తమ్మ కంకణాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందమ్మాయ్ ఇది, గాజా, సెలైను గొట్టమా?"

"కాసేపు వేడిగా ఉంటుంది సువార్తక్కా. తట్టుకోలేకపోతే వెంటనే తీసెయ్."

"వేడా! మిరపకాయల్లో పుట్టి మిరపకాయల్లో పెరిగినోళ్లం. మాకు కొత్తగా ఏం చెబుతావులే" అని చెయ్యి చాపింది.

పొద్దు బాగా ఎక్కాక వకుళ చేను గట్టు మీదుగా నడిచి వచ్చింది. కల్లం అంచున ఆగిపోయింది. ఆకు కూడా కదలని ఎండలో, పట్టాల మీద పరిచిన మిరపకాయలు చూపు ఆనినంత మేరా ఎర్రగా వెలుగుతున్నాయి. ఆమె ఏదో అనబోయి గట్టిగా తుమ్మింది. మళ్లీ తుమ్మింది. తుమ్ముతూ నవ్వింది, నవ్వుతూ తుమ్మింది. ఆడవాళ్లందరూ పని ఆపి, "వకుళమ్మ వచ్చింది, పగలే వచ్చింది" అని ముచ్చటపడ్డారు. ఆమె వాళ్ల పక్కనే గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరడం మొదలుపెట్టింది. మంచికాయలు కూడా తాలులో వేస్తోందని అందరూ ఆటపట్టించారు.

నేను మాత్రం సువార్తమ్మనే చూస్తున్నాను. రవిక తడిసి ఒంటికి అంటుకుంది. గడ్డం మీంచి చెమట కారి మిరపకాయల మీద పడుతోంది. ఆమె ఏరుతూనే ఉంది. పక్కనున్న దుర్గే చూసింది.

"పెద్దమ్మా, ఏందట్టా కారిపోతున్నావ్?"

"అమ్మాయి వేడంట. గొట్టంలో వస్తుందంట" అంది సువార్తమ్మ మామూలుగా.

ముఠాలో ఒక పద్ధతి ఉంది. ఎవరి భాగంలో తాలు ఎక్కువ పడినా అది అందరూ పంచుకుంటారు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఆమె వాటా పని మిగతావాళ్లు తలాకాస్తా చేసేస్తారు. ఇందులో అడగడాలూ చెప్పడాలూ ఉండవు. దుర్గ లేచి వెళ్లి సంచులు కోసే కత్తి తెచ్చింది. నేను వద్దు వద్దని పరుగెత్తేలోపే, పూలదండను మూరలకు తెంపినట్టు ఆ గొట్టాన్ని ముక్కలు ముక్కలుగా కోసేశారు. కోసిన చోటల్లా వేళ్లతో నొక్కిపట్టి, రెండు చివరలూ దారంతో బిగించి, ఎవరి ముక్క వాళ్లు మణికట్టుకు కట్టుకున్నారు. మా గోదాములో ఏళ్ల తరబడి కాపాడుకున్న ద్రవం రెండు మూడు చుక్కలు మిరపకాయల మీద పడ్డాయి. నేను నెత్తిన చేతులు పెట్టుకున్నాను.

"ఏం కాలేదులే అమ్మాయ్, గట్టిగానే కట్టాం" అంది దుర్గ.

ఏమీ కాకపోవడమే వింత. ముక్కలన్నీ పనిచేస్తున్నాయి. సువార్తమ్మ ఊపిరి తీసుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. ఒక్కరి మీద పడ్డ వేడి ముఠాలోని పన్నెండు మందికి పంచితే తలా చారెడు కూడా రాలేదు. ఇంత చిన్న సంగతి మాకెవరికీ తట్టలేదు, ఎందుకంటే మేము మొదటి నుంచీ ఇద్దరి గురించే ఆలోచించాం, ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ అని.

కానీ ఇదంతా వకుళ చూసింది. లేచి నా దగ్గరకు వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది, అది మిరపకాయల వల్ల మాత్రమే కాదు.

"కంకణం నువ్వు కట్టుకున్నానన్నావ్."

"సారు ఒప్పుకోలేదే."

"నా కోసం సువార్తక్క చెమట కార్చింది. నాకు తెలీకుండా. తొట్లో ఉన్నన్నాళ్లూ నేనెవరికీ భారం కాలేదక్కా. కప్పలకు తప్ప."

నవ్వించాలని అన్న మాట కాదు. నాకు నవ్వు రాలేదు కూడా. సిగ్గేసింది.

"ఆ రెండోది తెచ్చావా? ఇటూ అటూ నడిచేది?"

"తెచ్చాను గానీ ఇవ్వను. మధ్యాహ్నం ఎండకు వీళ్ల ఒళ్లు నీ ఒంటికంటే వేడెక్కుతుంది. పన్నెండు మంది వేడీ నీ మీదికి వస్తుంది. చచ్చిపోతావే."

"ఎండలో ఉంటే చస్తాను. తొట్లో ఉంటే?"

లెక్కల టీచరుతో వాదన పెట్టుకోకూడదు.

"ఒక పూట నా వేడి వాళ్లు మోశారు. ఇంకో పూట వాళ్ల వేడి నేను మోస్తాను. నాకు తొట్టి ఉంది. వాళ్లకు లేదు. అంతేగా అక్కా?" అంది.

అంతే. అంత సులువుగా ఉన్నందుకే నాకు భయమేసింది. ఏడో నంబరు కంకణం ఆమె తొట్లో దిగేదాకా కట్టనన్నాను, మూడో నంబరుతోనే ఇంటికి నడిపించాను. ఏడో నంబరు జంటను కల్లంలో దుర్గ కత్తితో పన్నెండు ముక్కలు చేసి పంచింది.

మా అమ్మకు సంగతి చెబితే ముందు నన్ను తిట్టింది, తర్వాత వైకుంఠరావు గారిని తిట్టింది, ఆ తర్వాత మోటారు వేసి తొట్టి నిండా బోరు నీళ్లు పట్టింది. వకుళ తొట్లో దిగి, కంకణం మార్చుకుని, ట్యాబు పెట్టుకుని, దశాంశాల పాఠం మొదలుపెట్టింది. నేను గట్టు మీద కూర్చుని ఆమె చంకలో పెట్టిన థర్మామీటరు అంకెలనే చూస్తున్నాను. కత్తెర నా ఒళ్లో ఉంది. అంకె ఒక గీత దాటితే కంకణం కత్తిరించేయాలని అనుకున్నాను.

మధ్యాహ్నం ఎండ దంచుతోంది. అంకె పైకి కదిలింది. ఇంకాస్త కదిలింది. వకుళ బుగ్గలు ఎర్రబడ్డాయి. తొట్టి నీళ్లలో చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి. అమ్మ ఒకవైపు బిందెతో తోడి పారబోస్తూ, ఇంకోవైపు గొట్టంతో కొత్తనీళ్లు వదులుతోంది.

"ఊరి వేడంతా నా తొట్లోనే పోస్తున్నారు గదే" అని గొణుగుతూనే బిందె ఆపడం లేదు.

"వకుళా, ఇక చాలు. కత్తిరించేస్తున్నాను."

"ఉండక్కా. దశాంశానికి కుడి చివర సున్నా పెడితే విలువ మారదు, రాసుకోండి పిల్లలూ" అంది ఒకే ఊపిరిలో. ఆ ఊపిరి కొంచెం బరువుగా ఉంది. నేను కత్తెర తీసి కంకణం కింద దూర్చాను. ఒక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకుంటున్నాను.

అంకె ఆగింది. తర్వాత ఒక పాయింటు కిందికి దిగింది.

నాకు అప్పుడు అర్థమైంది. ఏడో నంబరు ఇటూ నడుస్తుంది, అటూ నడుస్తుంది. వకుళ వాళ్లకంటే వేడెక్కగానే ద్రవం దారి మార్చుకుంది. ఎక్కువైన కొంచెం వేడీ పన్నెండు మణికట్ల మీదికి తిరిగిపోయింది, వాళ్లకు తలా చారెడు చెమట పట్టింది. నీళ్లు మళ్లీ చల్లబడగానే వేడి మళ్లీ ఇటు వచ్చింది. అందరూ ఒకేసారి మాడిపోతే తప్ప ఒక్కరినే మాడ్చడం దానికి చేతకాదు. నేను భయపడ్డది అంతా వకుళ ఒక్కతే మోయాలన్న లెక్క చూసి. ఇక్కడ మధ్యలో పన్నెండు మందీ, ఒక తొట్టీ, మా అమ్మా ఉన్నారు. కత్తెర పక్కన పడేసి తొట్టి గట్టు మీద తల ఆనించి ఏడ్చాను. పిల్లలకు వినపడకుండా వకుళ ట్యాబు మైకు ఆపింది.

ఫోను మోగింది. సువార్తమ్మ.

"అమ్మాయ్, ఈడ దుర్గ పైట కప్పుకుంది! ఒంటిగంట ఎండలో! ఆ వకుళమ్మకు చెప్పు, కాస్త తగ్గించమను, మాకు చలి పెడతంది!"

వెనక నుంచి ఆడవాళ్ల నవ్వులు. చలి అనేది అబద్ధమని నాకు తెలుసు. కానీ ఆ ఎండలో అంత గట్టిగా నవ్వే ఓపిక వాళ్లకు మిగలడం నిజం.

పొద్దు వాలుతుండగా వైకుంఠరావు సారు వచ్చారు. అంతా విని, తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, బుర్ర గోక్కున్నారు.

"మూడో నంబరు అయితే ఇవ్వడానికి కొంటారమ్మా. ఇది కడితే అవతలివాళ్ల వేడి కూడా మనకొస్తుంది. ఇదెవరు కొంటారు?"

"ఒక్కరు కొనరు సారూ. ఒక ముఠా కొంటుంది. ఊరికో తొట్టి ఉంటే చాలు. అందులో ఒక మనిషిని కూర్చోబెట్టడమే."

"ఆ మనిషి ఎక్కడ దొరుకుతారు?"

వకుళ నీళ్లలోంచి చెయ్యెత్తింది. "నాకు అనుభవం ఉంది సార్. ఇరవయ్యారేళ్లు."

సారు పెద్దగా నవ్వారు. నవ్వి, కూర్చుని, మూడో నంబరు సీసాలన్నీ పారబోయమని గోదాముకు ఫోను చేశారు. ఈసారి ఎవరి చెయ్యీ తగలకుండా పారబోయమని కూడా చెప్పారు.

ముఠా వాళ్లు పని దిగి ఇంటికి పోతూ మా పెరట్లోంచి వచ్చారు. ఎవరి కంకణం ముక్క వాళ్లు విప్పి నా చేతిలో పెట్టారు. వకుళ తొట్లోంచి లేచి తల తుడుచుకుంటోంది. అమ్మ ఆఖరుగా పట్టిన నీళ్లు తొట్టి నిండా అలాగే ఉన్నాయి. సువార్తమ్మ అందులో ముంజేయి ముంచి చూసింది.

"అబ్బ, వెచ్చగా బాగున్నాయే! కాగు పెట్టారా?"

"కాగు లేదు ఏం లేదు. అవి మీ వేడే" అంది అమ్మ. "మధ్యాహ్నం నుంచీ తోడి తోడి నా రెట్టలు పడిపోయాయి. మీ నీళ్లు మీరు పట్టుకుపోండి."

పగలంతా వంగి పనిచేసిన పన్నెండు మంది నవ్వుతూ తొట్టి గట్టు చుట్టూ కూర్చుని ఆ వెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టారు. సువార్తమ్మ కళ్లు మూసుకుని హాయిగా నిట్టూర్చింది.

"ఏం వకుళమ్మా, అయితే ఇదంతా మా చెమటేనా?"

"చెమట కాదక్కా" అంది వకుళ వాళ్ల మధ్యన చోటు చేసుకుని కూర్చుంటూ. "మీరు ఇవాళ కార్చకుండా మిగుల్చుకున్నది."

అని గట్టిగా తుమ్మింది. వాళ్ల కొంగులకు ఇంకా కల్లం ఘాటు ఉంది.